గోల్‌కీపర్ ఫొటో కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫుట్‌బాల్ వార్త అంటే మన పత్రికల్లో గోల్ కొట్టినవాడి ఫొటోనే. గోల్‌కీపర్ పేరు కనిపించేది ఎక్కువగా అతను తప్పు చేసిన రోజే. అది చూసినప్పుడల్లా నాకు జిమ్మీ థోర్ప్ గుర్తొస్తాడు.

ఇంగ్లండ్‌లో సండర్‌లాండ్ జట్టు గోల్‌కీపర్ అతను. 22 ఏళ్లు, అప్పటికే మధుమేహం. 1936 ఫిబ్రవరి 1న సొంత మైదానం రోకర్ పార్క్‌లో చెల్సీతో మ్యాచ్. బంతిని పొట్టకు అదుముకుని నేలమీద పడి ఉన్నాడు. దానికోసం ఎగబడ్డ ఆటగాళ్ల బూట్లు తలకీ, ఛాతీకీ తగిలాయి. గోలీ చేతుల్లో ఉన్న బంతిని కూడా తన్నబోవచ్చు, అప్పట్లో అది ఆటలో భాగమే! సబ్‌స్టిట్యూట్లు లేని కాలం. లేచి, చివరిదాకా ఆడాడు. స్కోరు 3-3. ఇంటికెళ్లాక కుప్పకూలాడు. ఫిబ్రవరి 5న కన్నుమూశాడు.

మరణానికి కారణం మధుమేహం, గుండె ఆగిపోవడం. అయితే మైదానంలో తిన్న దెబ్బలు దాన్ని తొందరపెట్టాయని విచారణలో జ్యూరీ చెప్పింది. ఆ తర్వాతే నిబంధన మారింది: గోలీ చేతుల్లో బంతి ఉంటే కాలు ఎత్తకూడదు. ఈరోజు ప్రతి గోల్‌కీపర్ ధైర్యంగా బంతి మీద దూకుతున్నాడంటే అందులో థోర్ప్ ప్రాణం ఉంది.

ఆ సీజన్ లీగ్ టైటిల్ సండర్‌లాండ్‌దే. అతని మెడల్‌ను భార్యకు అందజేశారు.

దయచేసి ఇలాంటి గోల్‌కీపర్ల మీద మీ ఆదివారం సంచికలో ఒక పేజీ కేటాయించండి.

— ఒక ఫుట్‌బాల్ అభిమాని, కాకినాడ