కొట్టివేతకి మార్కులు కోస్తే ఎట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో ఐదో తరగతి పిల్లలకి నాలుగు లైన్లు తప్పుల్లేకుండా రాయడం రావట్లేదని వేశారు. చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రాసింది ఇంకోసారి చదువుకోమని ఆ పిల్లలకి ఎవరన్నా చెప్పారా?

మా మనవరాలిదీ ఐదే. 'మా అవ్వ' అని ఓ పేజీ రాసింది. "అవ్వ మంచిది" అన్న లైను తనే కొట్టేసి పైన "అవ్వ నాకు పొద్దున్నే జడలేస్తది" అని రాసుకుంది. నీట్‌గా లేదు, మళ్లీ రాసుకురమ్మని స్కూల్లో పంపించేశారు. ఆ పిల్ల పేజీ చింపేసి, ఎందుకొచ్చిన గొడవని "అవ్వ మంచిది" అనే గుండ్రంగా రాసిచ్చింది, దానికి రైటు పడింది! నాకు కడుపు తరుక్కుపోయింది.

ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి పైకి చదవమన్నా, అంతే. "అవ్వకు కల్లు కనపడవు" దగ్గర తనే ఆగి "తాతా, ల కాదు ళ" అని దిద్దుకుంది. నేను నోరు మెదపలేదు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినోణ్ణి, పిల్ల తనంతట తను పట్టుకున్న తప్పు మళ్లీ చెయ్యదు, మనం ఎర్రపెన్నుతో దిద్దింది మాత్రం చూడను కూడా చూడదు, మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తది.

టీచర్లని అని ఏం లాభం, తనిఖీకొచ్చే ఆఫీసర్లు నోట్‌బుక్కులు దిద్దారా లేదా అనే చూస్తారాయె, పిల్ల దిద్దుకుందా అని అడిగినోళ్లు లేరు. పాఠం చివర 'నేను ఇవి చేయగలనా?' అని పట్టిక ఉంటది, పాఠం మొదలుకాకముందే అన్నిటికీ 'అవును' టిక్కులు పడిపోతయి. 2022లో చిన్న క్లాసుల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పాలని తొలిమెట్టు అన్నారు, ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు సరేసరి, ఫార్మాట్లు నింపడానికే టీచర్లకి పొద్దు చాలట్లేదు. పిల్ల తన రాతని తను చూసుకోడానికి వారంలో ఒక్క పీరియడ్ ఇవ్వలేరా? తప్పున్న లైను పక్కన చుక్క పెట్టి వదిలేస్తే చాలు, అదేంటో పిల్లే వెతుక్కుంటది. కొట్టివేతలకి మార్కులు కొయ్యొద్దని ఒక్క సర్క్యులర్ ఇస్తే ఖర్చేముంది?

మీకూ ఒక మాట. మీ పిల్లల పేజీలో అన్నీ పెద్దోళ్లు దిద్ది పంపినవే కనపడతయి. ఓ పిల్ల చిత్తుగా రాసుకున్నదీ, తర్వాత తనే మార్చుకున్నదీ పక్కపక్కన వెయ్యండి. మా పిల్ల చింపేసిన పేజీ నా దగ్గరే ఉంది, కావాలంటే పంపిస్తా.

– ఓ రిటైర్డ్ తెలుగు టీచర్, హనుమకొండ