ఫోన్ చెప్పే నాడి లెక్క ఎంతవరకు నమ్మాలి?

సంపాదకుల వారికి,

ఒడిశాలోని కొరాపుట్, సెమిలిగుడ వైపు చలి ముదిరితే ఫోన్ యాప్‌లో గుండె వేగం ఒకసారి 58, మరుక్షణం 116 అని చూసి హడలిపోయేవారు ఎక్కువవుతారు. చాలాసార్లు తప్పు గుండెది కాదు, చల్లబడిన వేలిది.

ఫోన్ గుండెను వినదు. ఫ్లాష్ వెలుగును వేలిలోకి పంపి, తిరిగి వచ్చేదాన్ని కెమెరాతో సెకనుకు దాదాపు 30 చిత్రాలు తీస్తుంది. గుండె కొట్టిన ప్రతిసారీ వేలి కొనలోకి రక్తం చేరి వెలుగు రవ్వంత తగ్గుతుంది. యాప్ లెక్కించేది ఆ తగ్గుదలనే. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే ఆ తేడా అందక, చేతి వణుకునే నాడి అనుకుంటుంది. వేలు గట్టిగా అదిమినా రక్తం పక్కకు పోయి అదే తంటా. ఒక్కో నాడి అలకు వెనకాలే చిన్న అల ఉంటుంది. దాన్నీ లెక్కేస్తే అంకె రెట్టింపవుతుంది.

టీ తాగినా, గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) వేసినా అరగంట ఆగాలి. ఐదు నిమిషాలు కూర్చుని, అరచేతులు రుద్దుకుని, ఫోన్ కవర్ తీసేయాలి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్‌లో ఏది మూస్తే తెర ఎర్రబడుతుందో అదే అసలుది. దాన్నీ, ఫ్లాష్‌నూ ఒకే వేలి మెత్తటి భాగంతో తేలిగ్గా కప్పాలి. చేయి బల్లమీద ఆనించి, మాట్లాడకుండా 30 సెకన్లు. మూడుసార్లు చూస్తే అంకెలు ఐదుకు మించి తేడా రాకూడదు.

నాడి లయ తప్పినవారికి మాత్రం ఇదంతా చాలదు. యాప్ సగటు తీసి 84 అని చూపిస్తుంది, లయ తప్పిన సంగతి అందులో దాగిపోతుంది. పైగా గుండె కొట్టే కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి వేలిదాకా రానేరావు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండు వేళ్లు పెట్టి నిండు నిమిషం లెక్కపెడితే ఎగుడుదిగుడు చేతికి తెలుస్తుంది. బొటనవేలితో చూడకండి, దానికీ సొంత నాడి ఉంది. తేడా అనిపిస్తే ఈసీజీ తీయించాలి. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే యాప్ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి.

బీపీ, ఆక్సిజన్ కూడా చెబుతామనే యాప్‌లను తీసేయడమే మేలు. వేలికి తగిలించే ఆక్సిమీటర్‌లో ఎరుపు కాంతితోపాటు కంటికి కనపడని పరారుణ కాంతి ఉంటుంది. ఫోన్ ఫ్లాష్‌లో అది లేదు.

మీ ఆరోగ్య పేజీలో ఇలాంటి యాప్‌ల గురించి రాసినప్పుడు, వేలు ఎక్కడ ఎలా పెట్టాలో ఒక బొమ్మ కూడా వేయగలరని మనవి.

– ఈసీజీ టెక్నీషియన్లు, జయపురం, కొరాపుట్ జిల్లా