పాస్‌వర్డ్‌ల నోట్‌బుక్ మూసేస్తున్నాం: మా కస్టమర్లకు ఒక మాట

మా మొబైల్ షాపుకు వచ్చే అన్నలకు, అక్కలకు, గల్ఫ్ నుంచి ఫోన్ చేసే తమ్ముళ్లకు నమస్కారం.

కోరుట్లలో సగం మందికి ఈ సంగతి ఇప్పటికే తెలిసింది. మిగతా సగం వేరేవాళ్ల నోట వినేలోపు నేనే చెప్తున్నాను. పోయిన నెల మా షాపులో ఒక అక్క ఫోన్‌లో గూగుల్ అకౌంట్ మార్చబోయి, ఆమె కాంటాక్టులు, పాత ఫొటోలు ఆమెకు అందకుండా చేశాం. తప్పు మాదే. అందులోనూ ఎక్కువ నాదే.

ఆ అక్క మా వీధిలోనే బీడీలు చేస్తుంది. భర్త దుబాయ్‌లో ఉంటాడు. తను వాడిన ఫోన్ ఆమెకు పంపి, అక్కడ కొత్త ఫోన్, కొత్త అకౌంట్ పెట్టుకున్నాడు. పాత ఫోన్‌లో ఉన్నది 2018లో మా షాపులోనే తెరిచిన అకౌంట్. నాలుగేళ్లుగా అక్క దాన్నే వాడుతోంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయింది, స్టోరేజ్ లేదని రోజూ మెసేజ్. దానికితోడు ఏది తెరిచినా భర్త పేరే. "నా పేరు మీద ఒకటి పెట్టు తమ్మీ" అని వచ్చింది. మా షాపులో పనిచేసే అబ్బాయి సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత అకౌంట్ రిమూవ్ కొట్టి కొత్తది పెట్టాడు. పది నిమిషాల పని, వంద రూపాయలు. సాయంత్రం ఫోన్ వచ్చింది. "నంబర్లన్నీ పోయినయ్ తమ్మీ. మా ఆయన నంబర్ గూడ లేదు."

వాట్సాప్ చాట్లు పోలేదు, అవి ఫోన్‌లోనే ఉన్నాయి. ఈ మధ్య తీసిన ఫొటోలూ ఉన్నాయి. కానీ కాంటాక్టులన్నీ అకౌంట్‌లో సేవ్ అయినవి, అకౌంట్‌తో పాటే వెళ్లిపోయాయి. ఇక పాత ఫొటోలు. ఫోన్ స్లో అయిందని ఎప్పుడో ఎవరో గూగుల్ ఫొటోస్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కారు. మేమే నొక్కి ఉండొచ్చు, వచ్చిన ప్రతి ఫోన్‌కూ అదే చేస్తాం. అలా నొక్కితే బ్యాకప్ అయిన ఫొటోలు ఫోన్‌లోంచి తీసేసి అకౌంట్‌లో మాత్రమే ఉంచుతుంది. బాసరలో కొడుకు అక్షరాభ్యాసం ఫొటోలు అందులోనే ఉన్నాయి. అప్పుడు భర్తకు సెలవు దొరకలేదు, ఆ వేడుకను ఆయన ఫోన్‌లోనే చూశాడు.

అంటే అవి కాలిపోలేదు, గూగుల్ దగ్గర భద్రంగానే ఉన్నాయి. లోపలికి పోయే దారే లేదు. కస్టమర్ల పాస్‌వర్డ్‌లు రాసిపెట్టుకునే మా నోట్‌బుక్‌లో దాని పాస్‌వర్డ్ ఉంది, అదీ కరెక్టే. కానీ పాస్‌వర్డ్ కొట్టాక, మీరేనని రుజువు చేసుకోండి, ఫలానా నంబర్‌కు ఓటీపీ పంపుతాం అంటుంది. చివర 47 ఉన్న నంబర్. అది ఆ అక్కది కాదు, ఆమె భర్తది కాదు. మా షాపుది.

ఆ నంబర్ కథ చెప్పాలి. 2016లో మాకు సిమ్‌లు, రీచార్జ్ బ్యాలెన్స్ వేసే డిస్ట్రిబ్యూటర్ మనిషి బండి మీద వచ్చి రెండు సిమ్‌లు కౌంటర్ మీద పెట్టి పోయాడు. ఒకటి రీచార్జ్‌కు, ఒకటి షాపులో వాడుకోమని. ఈ 47 నంబర్ ఆ రెండోదే, అది వాళ్ల పేరు మీదే ఉంది. "నీ పేరు మీదికి మారుస్తా అన్నా, ఆధార్ జిరాక్స్ ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. మళ్లీ అడిగాడు, మళ్లీ ఇచ్చాను. మూడోసారి ఫొటో కూడా ఇచ్చాను. మారలేదు. తర్వాత జనం ఎవరి ఫోన్‌లో వాళ్లే రీచార్జ్ చేసుకోవడం మొదలుపెట్టాక నేను ఆ బ్యాలెన్స్ కొనడం మానేశాను. దానికి అతనికి కోపం. కొన్నాళ్లకు సిమ్‌లో సిగ్నల్ పోయింది. నేనూ పట్టించుకోలేదు, అది నా బద్ధకం. మూతపడిన నంబర్‌ను 90 రోజుల తర్వాత కంపెనీ వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చు. ఇచ్చేసింది. డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే, "అది ఎప్పుడో పోయింది, ఇప్పుడెందుకన్నా నీకు?" అన్నాడు. ఎనిమిదేళ్లు ప్రతి నెలా ఒకటో తారీఖున లెక్క తేల్చి డబ్బు కట్టినవాడిని. ఒక్క ఫోన్ కాల్ చేసి, నంబర్ మూసేస్తున్నాం, నీ పనులేమైనా ఉంటే చూసుకో అని చెబితే అతని సొమ్మేం పోయేది?

సరే, ఆ నంబర్‌కే ఫోన్ చేశాను. ఎత్తినాయన మాట తీరు రాయలసీమ వైపులా ఉంది. సంగతంతా చెప్పి, ఓటీపీ వస్తుంది, చెప్పగలరా అని అడిగాను. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ చెవులు చిల్లులు పడేలా చెప్తాండారు, మీరేమో చెప్పమంటారా?" అని పెట్టేశాడు. అక్కతో మాట్లాడిస్తే మనసు కరుగుతుందేమో అని మా ఇంట్లో అన్నారు. చేయలేదు. ఆయన చేసిందే కరెక్టు.

చాలామంది, ఆ పిల్లగాణ్ణి పనిలోంచి తీసేయ్ అన్నారు. తీసేయను. పాత అకౌంట్ తీసే ముందు అది వేరే ఫోన్‌లో తెరుచుకుంటుందో లేదో చూడాలని అతనికి నేనెప్పుడూ నేర్పలేదు. నాకే ఆ అలవాటు లేదు.

ఇక నోట్‌బుక్. మీలో చాలామందికి తెలుసు ఆ అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్. 2014 నుంచి రాస్తున్నాను, నాలుగు వందలకు పైగా అకౌంట్లు. కొత్త ఫోన్ కొన్నప్పుడు జీమెయిల్ లేకపోతే ప్లే స్టోర్ తెరుచుకోదు. "నువ్వే ఏదో ఒకటి పెట్టు" అంటారు. సిమ్ ఇంకా ఆన్ కాలేదనో, నంబర్ ఇంటి దగ్గర చిన్న ఫోన్‌లో ఉందనో అంటారు. నేను షాపు నంబర్ పెట్టేవాణ్ణి. ఈ నంబర్ చాలాసార్లు వాడేశారని గూగుల్ ఒప్పుకోకపోతే ఇంకో నంబర్. పాస్‌వర్డ్ ఏంటో కూడా దాచను: మీ పేరు, చివర 123. సిగ్గుగానే ఉంది.

కానీ ఆ పుస్తకమంటే నాకు గర్వం కూడా. ఫోన్ రీసెట్ కొట్టి, పాత జీమెయిల్ అడుగుతోందని రాత్రి పన్నెండింటికి మస్కట్ నుంచి ఫోన్ చేసినా లేచి పేజీ తిప్పి చెప్పాను. 'ఆ అన్న దగ్గర అందరివీ ఉంటయ్' అని ఊళ్లో పేరు. ఆ పేరు మీదే గిరాకీ నడిచింది. ఇప్పుడు చూస్తే, నాలుగు వందల ఇళ్ల తాళంచెవులు గొళ్లెం కూడా సరిగా పడని సొరుగులో పెట్టి నిద్రపోయాను.

రెండు వారాలు దీని మీదే నలిగాను. కాల్చేద్దామా? కాల్చేస్తే పాస్‌వర్డ్ తెలియక ఇరుక్కునేది మీరే. ఉంచుదామా? ఎవరి చేతికైనా చిక్కితే? కంప్యూటర్‌లోకి ఎక్కించి లాక్ వేయమని మా బావమరిది అన్నాడు. అదీ నా దగ్గరే ఉంటుంది కదా, తేడా ఏముంది? ఒకరోజు ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఇంటికి తీసుకెళ్లాను, తెల్లారి మళ్లీ తెచ్చాను.

చివరికి నిర్ణయం ఇది. సంక్రాంతి దాకా నోట్‌బుక్ ఉంటుంది. మీరు ఫోన్ పట్టుకుని రండి. సెట్టింగ్స్‌లో గూగుల్, మీ అకౌంట్, సెక్యూరిటీ తెరిచి రికవరీ ఫోన్, అంటే మీరేనని రుజువుకు గూగుల్ ఓటీపీ పంపే నంబర్, ఏదో చూద్దాం. అందులో మా షాపు నంబర్ ఉంటే తీసేసి మీ నంబర్ పెడదాం. ఇంట్లో వాళ్ల మెయిల్ ఒకటి రికవరీకి ఇద్దాం. పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి, నేను అటు తిరిగి నిలబడతాను. తర్వాత మీ పేజీ మీ ముందే చింపి మీ చేతికిస్తాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు వీడియో కాల్ చేయండి, పేజీ చూపించి, పని అయ్యాక చింపుతాను. పండగ తర్వాత మిగిలినవి కాల్చేస్తాను. ఆ తర్వాత ఎంత బతిమాలినా నా దగ్గర ఉండదు.

అప్పటిదాకా దయచేసి ఫోన్ రీసెట్ కొట్టొద్దు, అకౌంట్ రిమూవ్ చేయొద్దు. ఫోన్‌లో లాగిన్ అయి ఉన్నంతకాలమే ఇది సులువు. నంబర్ మార్చాక కూడా వారం దాకా గూగుల్ పాత నంబర్‌కే ఓటీపీ పంపుతానని అనొచ్చు, కాబట్టి ఆ వారంలో ఫోన్ మార్చే పని పెట్టుకోకండి.

ఇకమీదట అకౌంట్ మార్పు మా దగ్గర పది నిమిషాల్లో కాదు. గంట పడుతుంది, మీరు కూర్చోవాలి. పాత అకౌంట్ తీయకుండానే కొత్తది పక్కన పెడతాం. కాంటాక్టులు ఎందులో సేవ్ అయ్యాయో చూసి ఫైల్‌గా తీసి కొత్త దాంట్లో ఎక్కిస్తాం. వాట్సాప్ బ్యాకప్ కొత్త అకౌంట్‌కు మార్చి ఒకసారి పూర్తిగా అయ్యేదాకా ఆగుతాం, ఎందుకంటే పాత అకౌంట్‌లో ఉన్న బ్యాకప్ కొత్త అకౌంట్‌తో రాదు. పాత ఫొటోలు మీరు తెరిచి చూసి, 'ఉన్నయ్' అని మీ నోటితో అనాలి. అన్నిటికన్నా ముందు, పాత అకౌంట్‌ను షాపులో ఇంకో ఫోన్‌లో లాగిన్ చేసి చూస్తాం. తెరుచుకోకపోతే రిమూవ్ కొట్టం, అంతే. రేటు రెండు వందలు. నోట్‌బుక్‌లో పేరున్నవాళ్లకు ఉచితం. పక్క సెంటర్‌లో వందకే చేస్తారంటే అక్కడికే వెళ్లండి, నాకేం బాధ లేదు. కొంచెం ఉంది, అయినా తగ్గించను.

ఆ అక్క డబ్బు ఒక్క రూపాయి ఉంచుకోలేదు, తీసుకున్న వంద తిరిగిచ్చాం. భర్త తన వాట్సాప్‌లో వెతికి తొమ్మిది బాసర ఫొటోలు పంపాడు. కొంచెం మసకగా ఉన్నాయి. నంబర్లు చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లోంచి, చుట్టాలను అడిగి మళ్లీ ఎక్కించాం. అప్పుడప్పుడూ వాళ్లింటికి వెళ్లి అదే ఫోన్‌లో, అదే వైఫై మీద అకౌంట్ రికవరీ ప్రయత్నిస్తున్నాను, అలవాటైన ఫోన్, అలవాటైన చోటు నుంచి చేయమని గూగులే చెబుతుంది. రెండేళ్లు వాడకపోతే అకౌంటే తీసేసే రూల్ ఉంది, అందుకే నాకు టెన్షన్. ఆ పేజీ ఒక్కటీ సంక్రాంతికి కాల్చను, వాళ్లు చెప్పేదాకా ఉంచుతాను.

షాపు రోజూ పది నుంచి రాత్రి తొమ్మిది దాకా. నోట్‌బుక్ పని మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపు పెట్టుకోండి, అప్పుడు గిరాకీ తక్కువ, నేనే కూర్చుంటాను.