బాత్‌రూమ్ యాసిడ్‌తోనే మార్పు మొదలుపెడదాం

సంపాదకులకు నమస్కారం.

ఇంటి శుభ్రతకు వాడే ఘాటైన రసాయనాలను తగ్గించుకోవాలన్న ఆలోచన విజయవాడలో నాకు తెలిసిన చాలా కుటుంబాల్లో ఉంది. అయితే ఉన్న సీసాలన్నీ ఒక్కరోజులో బయట పారేసి, ఖరీదైన ‘హెర్బల్’ సరుకులు తెచ్చుకోవడమే మార్పు అనుకుంటే, మధ్యతరగతి ఇంట్లో ఆ ప్రయత్నం నెల తిరక్కుండానే ఆగిపోతుంది. ఏది అయిపోతే దాని బదులు మేలైనది తెచ్చుకుంటూ పోవడమే నిలిచే పద్ధతి. ఆ వరుసలో అన్నిటికన్నా ముందు గడప దాటించవలసింది బాత్‌రూమ్ యాసిడ్‌నే అని నా గట్టి అభిప్రాయం.

మా పటమట వైపు యాసిడ్, ఫినాయిల్ సైకిళ్ల మీద ఇంటి ముందుకే వస్తాయి. ఆ యాసిడ్‌ను చాలాసార్లు పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇస్తారు. ఒక అపార్ట్‌మెంట్ మెట్ల కింద అలాంటి సీసా చూశాను. మామిడిపండు బొమ్మ ఉన్న కాగితం చెక్కుచెదరకుండా ఉంది, లోపలి ద్రవం పసుపుపచ్చగా ఉంది, అది విషమని చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. రెండేళ్ల బిడ్డ చేయి చాపితే అందే ఎత్తులో ఉంది. యాసిడ్ చిల్లరగా అమ్మేవారు కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాయాలని, 18 ఏళ్లు నిండనివారికి అమ్మరాదని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. వీధిలో జరిగే అమ్మకంలో ఆ జాగ్రత్త నాకెక్కడా కనిపించలేదు.

ఈ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోటే దీన్ని కూడా పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ సరిగా లేని చిన్న గదిలో అది కళ్లనూ గొంతునూ మండించి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఎన్నో ఇళ్లలో ఆ గాలి పీల్చేది ఇంటివారు కాదు, చేతికి తొడుగైనా లేకుండా పనిచేసే పనివారు. వారికి ప్రమాదం లేని వస్తువు ఇవ్వడం మన బాధ్యత.

బోరు నీటి వల్ల టైల్స్ మీద పేరుకునే తెల్లటి మరకలకు యాసిడే కావాలన్నది అపోహ. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పును వేడినీటిలో కరిగించి మరక మీద పోసి, అరగంట నాననిచ్చి బ్రష్‌తో రుద్దితే చాలావరకు వదులుతుంది. పాత మరకలకు రెండు మూడుసార్లు చేయవలసి వస్తుంది, పాలరాతి మీద మాత్రం వాడకూడదు. ఇత్తడి సామానుకు చింతపండు, పట్టుచీరలకు కుంకుడు రసం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. బీరువాలోని కలరా ఉండలు కూడా త్వరగా తీసేయవలసినవే. వాటిలోని నాఫ్తలీన్, జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల్లో ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసి కామెర్లు తెస్తుంది. అలాగని సహజమైనదల్లా నిరపాయకరం కాదు, కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మంటో మనందరికీ తెలుసు.

మిగిలిపోయిన యాసిడ్‌ను కాలువలోనో డ్రైనేజీలోనో పారబోయడం మరో తప్పు. 2021 అక్టోబరు 2న ఇదే నగరంలో మొదలైన ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పారిశుద్ధ్య కార్యక్రమంలో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు అనుకున్నప్పుడు ఎర్రబుట్టను ప్రమాదకర వ్యర్థాలకే కేటాయించారు. ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాల కోసం సేకరణ కేంద్రాలు ఉండాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమావళి కూడా చెప్పింది. నగరపాలక సంస్థ నెలకు ఒక రోజు నిర్ణయించి, మూత బిగించిన రసాయనాల సీసాలను విడిగా సేకరించే ఏర్పాటు చేసి, ఆ తేదీని వార్డు సచివాలయాల ద్వారా ముందే తెలపాలని కోరుతున్నాను. రైతుబజార్లలో డ్వాక్రా మహిళలకు ఒక దుకాణం కేటాయించి, కుంకుడు పొడి, నిమ్మఉప్పు, సబ్బు ద్రావణం వంటివి మన సీసా మనం తీసుకెళ్తే తూచి ఇచ్చేలా చేస్తే, ధర కూడా అందుబాటులో ఉంటుంది. పేరు రాయని సీసాలో యాసిడ్ అమ్మకాన్ని మాత్రం అధికారులు వెంటనే ఆపించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పటమట, విజయవాడ.