నలుచదరపు ఫొటోను కత్తిరించకండి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర దగ్గర పడుతోంది కనుక, వేషాల ఫొటోలు పత్రికలకెక్కే ఈ రోజుల్లో, రీలు మీద నలుచదరపు ఫొటోలు తీసే కెమెరాల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

నేను వాడేది యాషికా మ్యాట్ 124జి. ఒకదానిపై ఒకటిగా రెండు లెన్సులుండే పెట్టె అది. దీనిలో '120' రకం రీలు ఒకటి వేస్తే 12 ఫొటోలే వస్తాయి. 1929లో జర్మనీలో ఫ్రాంకే అండ్ హైడెకే సంస్థ తెచ్చిన రొలైఫ్లెక్స్ ఈ తరహా కెమెరాలకు పెద్దదిక్కు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరుపొందిన హోమై వ్యారావాలా చేతిలోనూ అది ఉండేది. పొట్టకు ఆనించి, తల వంచి, పైనున్న గరుకు అద్దంలోకి చూసే కెమెరాను నిలువు ఫొటో కోసం పక్కకు వాల్చడం కుదరదు. ఫ్రేము నలువైపులా సమానంగా ఉంటే ఆ అవసరమే రాదు. ఒక్కో నెగెటివ్ సుమారు 56 మిల్లీమీటర్ల చదరం, అంటే 35 ఎంఎం రీలు ఫ్రేముకు మూడున్నర రెట్ల పైచిలుకు వైశాల్యం. అందుకే వేషగాళ్ల ముఖం మీది నామంకొమ్ము (తెల్ల సుద్ద) పూత ఎండి పగిలిన గీతలు సైతం ప్రింటులో లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా నిలుస్తాయి.

స్టాండు లేకుండా చేత్తోనే తీయడంలో ఉన్న సుఖం ఇంకొకటి. మెడలోని పట్టీని బిగువుగా లాగి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కితే, ఫొటో తీసే క్షణంలో ఎగిరిపడే అద్దం లోపల లేదు కనుక, సెకనులో 30వ వంతు వేగంలోనూ చిత్రం చెదరదని నా అనుభవం. చప్పుడూ చిన్న చిటిక పాటిదే. అన్నిటికన్నా మించి, కెమెరా కంటికి అడ్డం రాదు, ఎదుటి మనిషి మీదికి గురిపెట్టినట్టూ ఉండదు.

కిందటేడు జాతరలో బైరాగి వేషం నాడు ఒక వేపచెట్టు నీడన నిలబడి నేను దూరం సరిచూసుకుంటుండగా, ఒళ్లంతా తెల్లగా పూసుకున్న పదేళ్ల పిల్లవాడు దగ్గరికొచ్చి అద్దంలోకి తొంగిచూసి, "అన్నా, మా వీధి ఇందులో ఎడమ కుడి అయిపోయిండాదే!" అన్నాడు. ఆ అద్దంలో బొమ్మ నిటారుగానే ఉన్నా పక్కలు తారుమారవుతాయి. కొత్తవారికి కొన్ని రీళ్ల పాటు చేయి తడబడుతుంది. వాడు తిరిగి వాళ్లమ్మ పక్కకు చేరాక తీశాను. నడిమధ్య పిల్లవాడు, ఎడమ అంచున నామంకొమ్ము గిన్నె పట్టుకున్న తల్లి చెయ్యి మాత్రమే. మనిషిని నట్టనడుమ నిలిపినా వెలితి కనిపించకపోవడం, అంచున ఉన్న చిన్న వస్తువుకూ విలువ దక్కడం నలుచదరంలో ఉన్న గుణం.

ఆ నెగెటివ్‌ను ఒకచోట ప్రింటుకిస్తే, 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు కాగితానికి సరిపోవాలని వెడల్పులో ఐదో వంతు కత్తిరించి ఇచ్చారు. గిన్నె పోయింది, తల్లి చెయ్యి పోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు అన్నం సహించలేదు. వాడికి ఆ వేషం వేసిన చెయ్యి కదా అది!

ఆగ్ఫా క్లిక్ త్రీ అనే పాత కెమెరాతో తీసిన చిన్న చదరపు ఫొటోలు మన జిల్లాలో చాలా ఇళ్ల ట్రంకుపెట్టెల్లో నేటికీ ఉన్నాయి. పెద్దవి చేయించేవారు తెల్ల అంచు మిగిలినా సరే, ఫొటో మొత్తాన్నీ ఉంచమని స్టూడియో వారికి గట్టిగా చెప్పాలి. మీ జాతర ప్రత్యేక పేజీకి నా చదరపు ఫొటోలు కొన్ని పంపుతున్నాను. ఒక్కటి వేసినా చాలు, నాలుగు అంచులతో వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి