నాలుగు చుక్కల ముగ్గు

చెన్నై, ఆదివారం

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నీ ఫైబర్ లైను గురించి "పవర్ మీటర్‌లో అంతా బాగానే ఉంది నాన్నా, ఎర్రర్లు మాత్రం తగ్గట్లేదు" అన్నావు. ఏదో సర్దిచెప్పి పెట్టేశాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరే నాన్నా" అంటావు, అందుకే రాస్తున్నాను.

నువ్వప్పుడు ఇంటర్. శ్రీపెరంబుదూరు రోడ్డు పక్కన వానలో, టార్పాలిన్ కింద కూర్చుని ఫైబర్ అతుకుతున్నాం. కొత్తగా వేసిన 100జీ లైను, సెకనుకి 100 గిగాబిట్లు మోసేది. ఫైబర్‌లోకి వెలుగు పంపి ఎక్కడ నష్టపోతోందో చూపే ఓటీడీఆర్ గ్రాఫులో ఎక్కడా మెట్టు లేదు. అతుకు దగ్గర నష్టం 0.02 డీబీ, అంతకంటే ఏం కావాలి? అయినా అవతలి నుంచి ఎర్రర్లు, ఎర్రర్లు అని ఒకటే ఫోన్లు. నేను నా హెల్పర్ కుర్రాడి మీద పడ్డాను. ఫైబర్ కోసే క్లీవర్ తుడవలేదన్నాను, చేతులు తడిగా ఉన్నాయన్నాను. బాగున్న అతుకునే మూడుసార్లు తెంపించి మళ్లీ వేయించాను. తెల్లారాక స్టేషన్‌లో రిసీవర్ కార్డు మారిస్తే ఎర్రర్లు పోయాయి.

ఆ కార్డులో లేజర్ వెలుగు తగ్గలేదు, ఫేజ్, అంటే వెలుగు తరంగం ఊగే తాళం, నిలవడం లేదంతే. పాత 10జీ లైన్లలో వెలుగు ఉందా లేదా అనేదే లెక్క. ఈ కొత్తవాటిలో సమాచారం ఫేజ్‌లో ఉంటుంది, రిసీవర్‌లో ఇంకో లేజర్ పెట్టి దానితో పోల్చి చదువుతారు. వెలుగు ఎంతుందో మాత్రమే కొలిచే పవర్ మీటర్‌కి ఇదేమీ కనబడదు.

నిలకడగా ఉండే లేజరే లేదనుకో. భజన సాగుతుంటే తాళం చూసుకోకుండా ఒకడు మధ్యలో చేరినట్టు, లేజర్‌లో అప్పుడప్పుడూ ఒక ఫోటాన్ తనంతట తాను పుడుతుంది. తాళం ఒక వెంట్రుకవాసి జరుగుతుంది, మళ్లీ వెనక్కి రాదు. ఈ తాళం ఎంత జరుగుతుందో చెప్పే నీ లేజర్ లైన్‌విడ్త్ 100 కిలోహెర్ట్జ్ అన్నావు కదా, లెక్కవేశాను. (డిప్లొమా చదివిన నాన్న లెక్క, ఒకసారి సరిచూడు.) 32 గిగాబాడ్‌లో, అంటే సెకనుకి 3,200 కోట్ల గుర్తులు (సింబల్స్) పంపేటప్పుడు, ఒక సింబల్‌కి కదిలేది పావు డిగ్రీ. అటూ ఇటూ కదులుతుంది కాబట్టి నేరుగా కూడకూడదు, సింబల్స్ సంఖ్య వర్గమూలం లెక్కన పెరుగుతుంది. కానీ ఒక్క మైక్రోసెకనులో 32,000 సింబల్స్ దాటేసరికి అది సుమారు 45 డిగ్రీలవుతుంది. నాలుగు ఫేజ్‌లతో సమాచారం పంపే క్యూపీఎస్‌కే పద్ధతిలో అవి స్క్రీన్ మీద నాలుగు చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య 90. అంటే సగం దారి, పక్క చుక్క గుమ్మం దగ్గరికి వచ్చేసినట్టే. రిసీవర్ లేజర్ కదలిక దీనికి అదనం.

ధనుర్మాసంలో మీ అమ్మ గుమ్మంలో పెట్టే చుక్కలు గుర్తు తెచ్చుకో. గాలి వీస్తే పిండి చుక్క చుట్టూ గుండ్రంగా చెదురుతుంది. అది మామూలు నాయిస్. ఎవరైనా కాలితో తిప్పితే చుక్క వంపుగా సాగుతుంది, అరటిపండు ఆకారంలో. అది ఫేజ్ నాయిస్. నీ స్క్రీన్ మీద చుక్కలు ఏ ఆకారంలో ఉన్నాయో ముందు అది చూడు. ఆ తర్వాతే ఫైబర్‌నీ ఆంప్లిఫయర్‌నీ తిట్టు.

వంపుగా సాగితే, జారిన ఫేజ్‌ని అంచనా వేసి సరిచేసే నీ ఫేజ్ రికవరీలో సగటు తీసే సింబల్స్ సంఖ్య మార్చి చూడు. మరీ తక్కువైతే మామూలు నాయిసే ఫేజ్‌లా కనిపిస్తుంది, మరీ ఎక్కువైతే లేజర్ ముందుకెళ్లిపోయాక నువ్వు పట్టుకుంటావు. ఇంకోటి. సింబల్‌కి నాలుగో ఘాతం తీసి నాలుగు చుక్కల్నీ ఒకటి చేస్తావు కదా, అక్కడ 90 డిగ్రీలు జారినా ఆ లెక్కకి తెలియదు. ఒక చోటి నుంచి అన్నీ తప్పులే వస్తుంటే అనుమానించాల్సింది ఆ జారుడునే. సమాచారాన్ని ముందు సింబల్‌కీ దీనికీ ఉన్న తేడాలో పెట్టే డిఫరెన్షియల్ కోడింగ్ పెట్టుకో, ఎర్రర్లు కాస్త పెరిగినా పరవాలేదు.

పొద్దున ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. కుర్రాడేమిటిలే, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ రాత్రి తప్పు నాదేనని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడో అతుకు మాత్రం నిజంగానే సరిగ్గా పడలేదు సార్, అప్పుడు నాకు చేతులు వణికాయి" అన్నాడు.

మీ నాన్న