ఎక్మో అంటే వెంటిలేటర్ కాదండీ

సంపాదకుల వారికి,

పోయిన వారం జిల్లా పేజీలో మీరు వేసిన శ్వాసనాళం ఆపరేషన్ వార్తకి సవరణ వస్తుందేమోనని నాలుగు రోజులు చూశాను. రాలేదు. శీర్షికలో 'ఎక్స్‌మో', కింద 'అత్యాధునిక వెంటిలేటర్'. 2020లో ఎస్పీ బాలు గారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా రాయగడ టీ కొట్లలో కూడా 'ఎక్మో' అని సరిగ్గానే పలికారు.

వెంటిలేటర్ గాలిని శ్వాసనాళంలోంచే నెడుతుంది. ఆ నాళమే పూడుకుపోతే అదేం చేస్తుంది? ఎక్మో అయితే రక్తాన్నే బయటికి తీసి, ఆక్సిజన్ పట్టించి తిరిగి ఒంట్లోకి పంపుతుంది.

పుస్తకం చదివి చెప్పడం లేదు. మా బావమరిది రెండేళ్ల కిందట జ్వరం ముదిరి ఐసీయూలో ఇరవై రోజులు గొంతులో ట్యూబుతో ఉన్నాడు. ఇంటికొచ్చిన నెలకి, మెట్లెక్కితే చాలు, ఊపిరి ఈల వేసేది. ఇక్కడ ఆస్తమా అని రెండు నెలలు ఇన్‌హేలర్ పీల్పించారు. ట్యూబు ఒరుసుకున్న చోట మచ్చ కట్టి నాళం బిగుసుకుంటుందని ఎవరికీ తట్టలేదు. పడుకుంటే ఊపిరాడదు, అందుకని విశాఖ దాకా రైల్లో కూర్చోబెట్టే తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు స్కానింగ్ చూసి, జేబులో పెన్ను విప్పి రీఫిల్ చూపించారు. "దారి ఇంతే ఉంది."

మత్తిస్తే ఆ కాస్తా మూసుకోవచ్చు. అందుకే మెలకువగా ఉండగానే గజ్జల్లో, మెడలో గొట్టాలు పెట్టి ఎక్మో మొదలెట్టాకే మత్తిచ్చారు. ఇరుకైన ముక్క కోసేసి రెండు కొసలూ కలిపారు. లోపలి కుట్లు లాగకుండా గడ్డాన్ని ఛాతీకి కుట్టి వారం ఉంచారు. ఆ వారమంతా మమ్మల్ని చూడాలంటే కనుగుడ్లు మాత్రమే పైకెత్తేవాడు. మీరేమో ఎక్మో 'చివరి క్షణంలో' పెట్టారని రాశారు. ఊపిరి ఆగాక గొట్టాలు వెతుక్కుంటే మెదడు ఆగుతుందా?

ఇక ఆరోగ్య కార్డు సంగతి. 1936లో ఒడిశాను వేరు చేస్తూ గీత గీశారు, మేం ఇటు పడ్డాం. ఆంధ్రా ఆరోగ్యశ్రీ మాకు లేదు. మా కార్డు అక్కడి కౌంటర్లో పెడితే "ఒడిశాదా?" అని పక్కకి తోశారు. పొలం తాకట్టు పెట్టి కట్టాం. 2025 ఏప్రిల్‌లో ఒడిశాకీ ఆయుష్మాన్ భారత్ వచ్చింది, మంత్రుల ఫొటోలు మీరూ వేశారు. సరిహద్దు దాటితే ఏ ఆస్పత్రిలో, ఏ ఆపరేషన్‌కి చెల్లుతుందో మాత్రం తెలుగులో ఒక్క ముక్క చెప్పే ఆఫీసరు లేడు, వేసే పత్రికా లేదు.

సవరణతో పాటు అదీ వేయండి. మళ్లీ 'ఎక్స్‌మో' అని మాత్రం వేయకండి.

— ఒక పాఠకుడు, రాయగడ